అతుకులమ్మ మింగిన ఫ్రేములు

అమెరికా సైన్యం మొత్తం మా ఆఫీసులో దిగింది. ట్యాంకులు, జీపులు, బాకాలు ఊదేవాళ్ళు, బూట్లకి పాలిష్ ఎలా పట్టించాలో నేర్పే సార్జెంటు, అందరూ నలభై రేకు డబ్బాల్లో ఒదిగి కూర్చుని వచ్చారు. దీన్ని దండయాత్ర అనడానికి వీల్లేదు, డబ్బాయాత్ర అనాలి. మూతలు తీయగానే గదంతా పులిసిన గంజి వాసన. ఫిల్ము ముసలిదైతే పులుస్తుంది, మనిషి ముసలివాడైతే అలుస్తాడు. నేను మాత్రం అలవకుండా వాగుతానని మా ఆవిడ ఫిర్యాదు.

మాది విశాఖపట్నం, మధురవాడ కొండ మీద ఒక చిన్న ప్రయోగశాల. దెబ్బతిన్న పాత ఫిల్ములు బాగుచేస్తాం. మరమ్మతు అంటే మర ఇచ్చే మత్తు అని నేనే నిర్వచించి నేనే నవ్వుకునేవాణ్ణి. ఈ డబ్బాలు పంపింది సముద్రాల అవతల ఉన్న ఒక భాండాగారం. అన్నీ రెండో ప్రపంచయుద్ధం చివరినుంచి ఓ పదిహేనేళ్ళ సంగతులు. గెలిచి వచ్చిన సిపాయిల ఊరేగింపులు, రైలు పెట్టె వెనక నిలబడి ఓట్లడిగే నాయకులు, ఎడారిలో అణుబాంబు పేలుతుంటే కుర్చీలు వేసుకుని చూసే అధికారులు. బాంబు చూడ్డానికి కుర్చీలెందుకు అంటే, అణుకువగా కూర్చోడానికి.

నా పేరు భీమశంకరం. కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. పాఠం చెప్తే పడుకునేవాళ్ళు, జోకు చెప్తే పడిపోయేవాళ్ళు. ఇక్కడ నా పని ప్రతి డబ్బాలోని బొమ్మ చూసి, ఇంగ్లీషు వ్యాఖ్యానం విని, ఏ షాటులో ఏముందో తెలుగులో చీటీ రాయడం. ఆ చీటీ చదివేది ఒకే ఒక్క మనిషి. మా ఆవిడ సువర్చల.

సువర్చల పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక ఫిల్ము ల్యాబులో, చెకింగు సెక్షన్లో పనిచేసింది. కొత్త ప్రింటు తెరమీద ఆడుతుంటే చీకట్లో కూర్చుని ఎక్కడ అతుకు జారిందో, ఎక్కడ ఒక ఫ్రేము పోయిందో పట్టుకోవాలి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు పరిగెడుతుంటే అందులో ఒకటి తగ్గిందని మీకూ నాకూ తెలియదు. ఆమెకి తెలుస్తుంది. తెలియగానే వేలి ఉంగరంతో కుర్చీ చెయ్యిమీద టక్కున కొడుతుంది. ఆపరేటరుకి అది గుర్తు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. పెళ్ళిచూపుల్లో నేనొక జోకు చెప్తూ నడుమ ఒక మాట మింగేస్తే బల్ల టక్కుమంది. ఫ్రేములు పట్టే పిల్ల ప్రేమకి పట్టుబడ్డానని ముప్పై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను.

మాకొక పాప ఉండేది. కిన్నెర. సాయంత్రం దీపం పెట్టే వేళకి భోజనాల బల్ల కింద దూరి దాక్కునేది. రోజూ అదే చోటు. అయినా వాళ్ళమ్మ ముందు బీరువా వెనక, తలుపు చాటున, బియ్యం డబ్బా వెనక వెతకాలి. ఎక్కడా లేదని బిగ్గరగా అనాలి. చివరికి వచ్చి బల్ల మీద ఉంగరంతో మూడుసార్లు కొట్టి, దొరికింది అనాలి. అప్పుడు కింద నుంచి నవ్వు వచ్చేది. ఏడేళ్ళప్పుడు మెదడువాపు జ్వరంతో పోయింది. పంతొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి వస్తే మా ఇంట్లో ఉంగరమూ మోగదు, నా నోరూ మోగదు.

ఊడిపోయిన ఫ్రేములు పూడ్చే మా యంత్రం కట్టినవాడు పైడిరాజు. బొబ్బిలివాడు, నా పాత శిష్యుడు, ఇప్పుడు బుర్రల మీద పరిశోధన చేసిన డాక్టరు. మందిచ్చే డాక్టరు కాదు, నన్ను ఇబ్బందిపెట్టే డాక్టరు. రెండు ఫ్రేముల నడుమ చీకటిని పూడ్చేది కన్ను కాదు, బుర్ర అంటాడు. ఆ పూడ్చుకునేటప్పుడు పక్కనుంచి దొంగిలిస్తే పోయిన ఫ్రేములు దొరుకుతాయట. సువర్చల తలకి తీగల టోపీ తొడిగి, ఇరవై ఫ్రేములు ఊడిపోయిన ముక్క ఆడించాడు. టక్. మళ్ళీ ఆడించాడు. టక్, కాస్త ఆలస్యంగా. తొమ్మిదోసారికి ఉంగరం మోగలేదు, ఆ ఖాళీని ఆమె బుర్ర పూడ్చేసిందన్నమాట. పక్క తెరమీద, ఖాళీగా ఉన్న చోట, ఇరవై బొమ్మలు ఒకదాని వెనక ఒకటి తేలాయి, మందునీళ్ళలో వేసిన ఫొటో కాగితం మీద తేలినట్టు. అనకాపల్లికి నూకాలమ్మ, మాకు అతుకులమ్మ అని యంత్రానికి నేనే పేరు పెట్టాను. పైడిరాజు కొబ్బరికాయ కూడా కొట్టాడు.

మొదట్లో మన పాత ఫిల్ములు పెట్టి చూస్తే, చూసేవాళ్ళ సొంత జ్ఞాపకాలు అడ్డొచ్చి బొమ్మలు అలుక్కుపోయాయి. ఎన్నడూ చూడని దేశమైతే ఆ గొడవ ఉండదన్నాడు పైడిరాజు. అందుకే అమెరికా డబ్బాలు. అయితే ఇంకో చిక్కు. చూస్తున్నది ఏమిటో బొత్తిగా తెలియకపోతే బుర్ర కదలదు. ఎన్నిసార్లు ఆడించినా కొన్ని ముక్కల్లో ఉంగరం మోగుతూనే ఉండేది. ఆ చిక్కు విప్పిన మహానుభావుణ్ణి నేనే.

జయోత్సవ కవాతు ఉన్న డబ్బాకి చీటీ ఇలా రాశాను: "ముందు బ్యాండు, వెనక ఓపెన్ జీపులో జనరలు. మేడల మీంచి కాగితం ముక్కలు చల్లుతున్నారు. విజయనగరంలో మన పెళ్ళి ఊరేగింపు అనుకో. కాగితాలకి బదులు బియ్యం, జనరలుకి బదులు నేను." సువర్చల చీటీ చదువుకుని, పెదవి విరిచి, టోపీ పెట్టుకుంది. మూడో ఆటకే ఉంగరం ఆగిపోయింది. పైడిరాజు నా చేతులు పట్టుకుని ఊపేశాడు. నా ఉపమానానికి ఇంత బహుమానమా అన్నాను.

అప్పటినుంచి చీటీలకి పట్టపగ్గాలు లేవు. సిపాయి కిట్ బ్యాగు భుజాన వేసుకుని రైలు దిగితే, తునినుంచి నేను పనసపండు మోసుకొచ్చిన రోజు అనుకో అని రాశాను. ఓడరేవులో తల్లులు బారికేడ్ల వెనక ఎదురుచూస్తుంటే, మీ అన్నయ్య గల్ఫునుంచి దిగిన రోజు అని. ఎడారిలో అధికారులు నల్ల కళ్ళద్దాలతో బాంబు వెలుగు చూస్తుంటే, పెళ్ళైన కొత్తలో మేడమీద గ్రహణం చూశాం చూడు, అది అని. డబ్బాలు చకచకా తెమిలిపోయాయి. ఇంత జీవం ఉన్న పనితనం ఎక్కడా చూడలేదని భాండాగారం వాళ్ళు ఉత్తరం రాశారు. జీవమెక్కడినుంచి వస్తోందో వాళ్ళడగలేదు, మేమూ అడగలేదు.

మొదటి గుర్తు నవ్వులాటగానే వచ్చింది. పూర్తయిన కవాతు ముక్క చూస్తుంటే, జీపులో జనరలు ఎడమ చేత్తో టోపీ నొక్కుకున్నాడు, చిటికెనవేలు పైకి లేపి. నా బాసికం దారం వదులై ఊరేగింపంతా నేను అలాగే నొక్కుకుంటూ కూర్చున్నాను. ఆ ఫొటో మా ఆల్బంలో ఉంది. జనరలు నన్ను అనుకరిస్తున్నాడన్న సంతోషంతో ఇంటికొచ్చి ఆల్బం తీసి సువర్చలకి చూపించాను. ఆమె ఫొటోని చాలాసేపు చూసింది.

"మనకి ఊరేగింపు జరిగిందేవిటండీ?" అంది.

ముప్పై ఏళ్ళలో నా మీద ఆమె వేసిన మొదటి జోకు అనుకుని పగలబడి నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫొటోలో తన మొహం మీద వేలు పెట్టి, చీర గుర్తుందనీ, నగలు గుర్తున్నాయనీ, జీపు మాత్రం ఎక్కిన గుర్తు లేదనీ చెప్పింది. తర్వాత ఉంగరంతో ఆల్బం అట్టమీద ఒకసారి కొట్టింది. టక్.

వయసు అన్నాను. నీకు మరుపు, నాకు మైమరపు అన్నాను. మాటలతో అతుకు వేయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ వారమే పనసపండు తెచ్చి కోస్తుంటే తుని కథ ఎత్తాను. దారిపొడుగునా ముళ్ళు గుచ్చుకుంటుంటే కుడిభుజం మీంచి ఎడమభుజానికి ఎలా మార్చుకున్నానో ఏటా చెప్తాను, ఏటా ఆమె విసుక్కుంటుంది. ఈసారి విసుక్కోలేదు. కొత్త కథ వింటున్నట్టు మర్యాదగా విని, అంత దూరం పాపం ఎలా మోశారండీ అంది. కత్తికి రాసిన నూనె నా చేతికి చల్లగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకెళ్ళి, పూర్తయిన ముక్కలన్నీ ఒక్కో ఫ్రేము చొప్పున ఆడించమని పైడిరాజుని అడిగాను. రైలు దిగిన సిపాయి పదకొండు ఫ్రేముల్లో కిట్ బ్యాగుని కుడిభుజం మీంచి ఎడమభుజానికి మార్చి, మెడ మీద గుచ్చుకున్నచోట గోక్కున్నాడు. గుడ్డ బ్యాగుకి ముళ్ళెక్కడివి? తర్వాత ఎడారి ముక్క. వరసగా కుర్చీలు, నల్ల కళ్ళద్దాల అధికారులు, ఆకాశమంతా తెల్లటి వెలుగు. పూడ్చిన ఫ్రేముల దగ్గరకి రాగానే మూడో కుర్చీలో ఉన్న మేజరు కళ్ళద్దాలు మాయమయ్యాయి. చేత్తో ఏదో నల్లటి రేకు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. పైడిరాజు దాన్ని పెద్దది చేశాడు. ఎక్స్‌రే ఫిల్ము. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. మా మామగారికి నిమోనియా వచ్చినప్పుడు తీసిన ఎక్స్‌రే అది. దానిలోంచే మేం గ్రహణం చూశాం.

పైడిరాజు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఇంతకాలం బుర్ర కొత్త బొమ్మ కల్పిస్తోందనుకున్నాడు. బుర్ర కల్పించడం లేదు. ఉన్న కొట్టులోంచి తీసి ఇచ్చేస్తోంది. నకలు కాదు, అసలే. అలవాటు లేని దేశం చూపిస్తే జ్ఞాపకాలు అడ్డురావనుకోవడం మా తప్పు. దారి తెలియని బుర్ర ఎక్కడ తవ్వాలో తెలియక ఊరుకునేది. ఎక్కడ తవ్వాలో చీటీలో రాసి చూపించింది నేను.

"గురువుగారూ, ఎన్ని చీటీలు రాసీసేరండీ?" అన్నాడు మెల్లగా.

ముప్పై ఆరు. వాళ్ళ చరిత్ర చిరుగులకి మా సంసారం ముప్పై ఆరు మాసికలైంది.

ముప్పై ఏడో చీటీ సువర్చల కుర్చీ మీద సిద్ధంగా ఉంది. ఆ డబ్బాలో ఒక బడి. గంట మోగగానే టీచరు చెయ్యి ఊపుతుంది, బాంబు పడితే ఏం చెయ్యాలో నేర్చుకోడానికి పిల్లలందరూ బల్లల కింద దూరి తలమీద చేతులు పెట్టుకుంటారు. వరసగా ముప్పై బల్లలు, ఒక్క పిల్లా కనిపించదు. నేను ముందురోజు, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, సాహసించి రాశాను: "మన కిన్నెర బల్ల కింద దూరినట్టు." ఆ చీటీని నాలుగు ముక్కలు చేసి, ముక్కలు జేబులో వేసుకున్నాను. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమెకి అంతా చెప్పాం. పైడిరాజు తల వంచుకుని చెప్పాడు, నేను ఏ చమత్కారమూ లేకుండా చెప్పాను. సువర్చల మేము అనుకున్నట్టు బెదిరిపోలేదు. పోయినవాటి జాబితా చదవమంది. ఊరేగింపు, పనసపండు, గ్రహణం అని నేను చదువుతుంటే పరాయివాళ్ళ పెళ్ళికి కట్నకానుకలు వింటున్నట్టు తల ఊపింది. తర్వాత మిగిలిన డబ్బాల్లో ఏమున్నాయని అడిగింది. బడి, ఓట్ల రైలు, మోటారు కార్ల ఫ్యాక్టరీ, కొండల మధ్య గుడారాల్లో సైనిక ఆస్పత్రి అని చెప్పాను. చివరిమాట బయటికొచ్చాక నాకే తెలిసింది, చెప్పకుండా ఉండాల్సింది.

"ఆ ఆస్పత్రి డబ్బాకి చీటీ రాయండి," అంది.

నేను కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాను.

"పంతొమ్మిదేళ్ళబట్టి రోజూ పొద్దున్న తొమ్మిదింబావుకి చూస్తున్నానండీ దాన్ని. ఒక్కరోజు తప్పలేదు. మీకు తెలుసు. దాన్ని పట్టుకెళ్ళమనండి."

వద్దమ్మా, ఇది మనం చెప్పినంత మేరకే కోస్తుందని పూచీ లేదని పైడిరాజు బతిమాలాడు. యంత్రం తాళాలు జేబులో వేసుకుని రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ ఆమె నన్ను మళ్ళీ అడగలేదు. పొద్దున్న తొమ్మిదింబావుకి వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడి ఉంటే చూశాను. అంతకు ముందు ఎన్నేళ్ళుగానో, పాప పోయిన ఆ వేళకి నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఈసారి పేపరు దించాను. మూడో రోజు చీటీ రాశాను. అది చూశాక పైడిరాజు తాళాలు బయటికి తీశాడు.

నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. పాప పేరు రాయలేదు. ఆట జోలికి పోలేదు. ఆస్పత్రి వరకే గీత గీశాను: పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం, తుప్పుపట్టిన సెలైను స్టాండు, పదకొండు రోజులు, తొమ్మిదింబావు. అవన్నీ ఆమె చెప్పగా నాకు తెలిసినవి. ఆ క్షణంలో నేను వార్డులో లేను. కింద మందుల షాపులో వరసలో నిలబడి, ముందున్నవాణ్ణి నవ్విస్తున్నాను.

సైనిక ఆస్పత్రి ముక్కలో ఇరవై రెండు ఫ్రేములు పోయాయి. నర్సు మంచం మీదికి వంగుతుంది, అక్కడ తెగిపోయి, మళ్ళీ నర్సు గుడారం తలుపు దగ్గర తేలుతుంది. సువర్చల చీటీ ఒకసారి చదివి మడతపెట్టి నా చేతికిచ్చింది. మొదటి ఆటకే ఉంగరం మోగలేదు. పక్క తెరమీద బొమ్మలు తేలుతుంటే నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. పైడిరాజు కూడా చూడలేదని తర్వాత చెప్పాడు. చూడకుండానే పెట్టెలో పెట్టి పంపేశాడు. భాండాగారం వాళ్ళు యథాప్రకారం మెచ్చుకున్నారు.

మూడు వారాలు మా ఇంట్లో ఎండ కాసింది. తొమ్మిదింబావుకి సువర్చల పోపు వేస్తూ కూనిరాగం తీసేది. నిద్రపోయేది. నా పాత జోకులన్నీ ఆమెకి కొత్తవైపోయాయి, మరచిపోవడంలో ఇంత మర్యాద ఉందని నాకు తెలియదు. నేను మళ్ళీ గొంతు పెంచాను. బజారంతా వినపడేలా వాగాను.

నాలుగో వారంలో ఒక సాయంత్రం దీపం పెట్టి, అగ్గిపెట్టె గట్టుమీద పెట్టి, సువర్చల బీరువా వెనక్కి తొంగిచూసింది. ఏదో పడిపోయి ఉంటుందనుకున్నాను. తర్వాత తలుపు చాటున చూసింది. బియ్యం డబ్బా పక్కకి జరిపింది. ఎక్కడా లేదు అని బిగ్గరగా అంది. నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆమె భోజనాల బల్ల దగ్గరకొచ్చి, మోకాళ్ళు పట్టుకుని వంగి, కిందికి చూసింది. చాలాసేపు అలాగే ఉంది.

ఏం వెతుకుతున్నావని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆమే చెప్పింది.

"కిన్నెర పోయిందని నాకు తెలుసండీ. మీరు చెప్పారు, ఆస్పత్రి కాగితం ఉంది, ఫొటోకి దండ ఉంది. నమ్ముతాను. కానీ నేను చూడలేదు. బల్ల కింద దూరింది, నేను వెతుకుతున్నాను. అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఏవీ లేదు."

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. పక్కింటివాళ్ళ బల్ల కింద చూసింది. హోటలుకి తీసుకెళ్తే టేబుల్ గుడ్డ ఎత్తి చూసింది. ఏడుపు లేదు, కంగారు లేదు. ఆటలో ఆలస్యమైనందుకు కాస్త నొచ్చుకున్న మొహం, అంతే. దుఃఖం పోతే పాప పోదనుకున్నాను. దుఃఖం పోయాక పాప పోవడమే పోయింది. ఏడేళ్ళ పిల్ల పంతొమ్మిదేళ్ళుగా బల్ల కింద ముడుచుకుని, ఎవరూ రాక, చీకటిపడ్డా లేవకుండా కూర్చుంది.

ఆస్పత్రి సంగతి నేనే చెప్పి చూశాను. వార్డు గురించి, జ్వరం గురించి, డాక్టరు గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. పదకొండో రోజు పొద్దున్న దగ్గరకి రాగానే బల్ల మోగింది. టక్. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అక్కడికి రాగానే టక్. మాటలు ఎన్ని అతికించినా ఆ ఉంగరం ఒప్పుకోలేదు. అక్కడ నా దగ్గర ఫ్రేములు లేవు. ఉన్న ఒక్క మనిషి దగ్గరినుంచి నేనే తీయించి, గుడారంలో పడేశాను.

"ఆ ఇరవై రెండూ ఎక్కడున్నాయి?" అని ఒక ఉదయం ఆమే అడిగింది.

పంపేసిన ముక్కకి కాపీ యంత్రంలో ఉంది. పైడిరాజు తాళం తీసి దీపాలు ఆర్పాడు. మూడు కుర్చీలు వేసుకున్నాం. చూసినంత మాత్రాన తిరిగి రాదమ్మా, తెరమీద బొమ్మలాగే ఉంటుందని ముందే హెచ్చరించాడు. తెలుసు, ఆడించు బాబూ అంది.

కొండలు. హెలికాప్టరు. స్ట్రెచర్లు మోస్తూ పరిగెత్తే సిపాయిలు. గుడారం లోపల వరసగా మంచాలు, బూడిదరంగు కంబళ్ళు. నర్సు నడిచి వచ్చి ఒక మంచం మీదికి వంగింది. అక్కడినుంచి పైడిరాజు ఒక్కో ఫ్రేము జరిపాడు.

సెలైను స్టాండుకి తుప్పు మొలిచింది. గుడారం గుడ్డలో కిటికీ తెరుచుకుంది, దానిలోంచి మా ఊరి ఎండ పడింది. కంబళి కింద ఉన్న ఆకారం పొట్టిగా అయింది, సగం మంచం ఖాళీ అయ్యేంత పొట్టిగా. కంబళి చివర చిన్న పాదం బయటికి ఉంది. పాదానికి వెండి పట్టీ. పద్నాలుగో ఫ్రేములో నర్సు చేతికి గాజులు వచ్చాయి, వేలికి ఉంగరం వచ్చింది. ఆ చెయ్యి పాదాన్ని ముట్టుకుని ఆగింది. నాలుగు ఫ్రేములపాటు అలాగే ఉంది. తర్వాత కంబళి లాగి, పాదం మీద కప్పింది. ఇరవై రెండో ఫ్రేములో ఉన్నది కప్పేసిన కంబళి ఒక్కటే.

పైడిరాజు అక్కడ ఆపేశాడు. నేను చూడాల్సింది, పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా, అమెరికా సైన్యం మధ్యలో చూశాను.

సువర్చల తెరమీంచి కళ్ళు తిప్పలేదు. కుర్చీ ముందుకి జరుపుకుని ఆ కంబళి వంక చూసింది, ఎగుడుదిగుళ్ళన్నీ గుర్తుపెట్టుకుంటున్నట్టు. తర్వాత కుడిచెయ్యి యంత్రం బల్ల మీద పెట్టింది. ఉంగరంతో కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

"దొరికిందండీ," అంది.

ఆ తర్వాత రావలసిన నవ్వు కోసం ముగ్గురమూ చీకట్లో కదలకుండా కూర్చున్నాం. యంత్రం గుయ్యిమనడం తప్ప ఇంకే చప్పుడూ లేదు.